ను వారంలో రెండే పాటలు

త వారం

ఈ వారం అక్షరం త. పెట్టెలో త మీద పాటలకు కరువు లేదు, వందల్లో ఉన్నాయి. అయినా పొద్దున్నే గొడవ. సుగుణకి పొట్టి పాట కావాలట. కొమురేశ్‌కి హుషారుది కావాలట, పోయిన వారం నేనిచ్చిన పాట శవం వెంట నడిచినట్టుందని పళ్లు తోముకుంటూ కూడా సణిగాడు. షాహీన్ మేడం మా ఇన్‌చార్జి కాబట్టి ఏదైనా పర్వాలేదంటుంది, తీరా ఇచ్చాక మూతి ముడుచుకుంటుంది. నేను సూట్లకు అతుకులేసే మనిషిని. చిరిగిన చేతితొడుగులూ అరిగిన సీళ్లూ నా బల్ల మీద కుప్పపడి ఉంటే, అవన్నీ వదిలేసి ఐదుగురికి పాటలేరుతూ కూర్చోవాలి. ఎందుకంటే ఈ మంచుగనిలో జపాను అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. ఖాళీ దొరికింది కదా అని నేర్చుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

చంద్రుడి అడుగున, ఎండ ఎన్నడూ పడని గుంట పక్కన ఈ గనిని కట్టింది జపాను వాళ్లు. వాళ్లు అమ్మేసి పోతే మా కంపెనీ గోడలతో సహా కొన్నది. గోడలతోపాటు పాటల గది వచ్చింది, పాటల గదిలో పెట్టె వచ్చింది. బయటి తలుపు తాళం దాని చేతిలో ఉంది. ప్రతి మనిషీ వారానికొక పాట దాని ముందు పాడాలి. అది పాట వినదు, ఊపిరి వింటుంది. లైను మధ్యలో ఎక్కడ గాలి పీల్చావు, ఎంతసేపు నిలిపావు, ఛాతీలో దుమ్ము చేరిందా, అన్నీ దానికి కావాలి. పచ్చదీపం వెలిగితే ఆ వారమంతా నీకు బయటి తలుపు తెరుచుకుంటుంది. ఎర్రదీపం వెలిగితే తర్వాతి నావలో భూమికి పోవాలి, అంతే. మా కంపెనీ ఇంజనీర్లు ఇద్దరు వచ్చి దాన్ని విప్పబోయారు. అది తలుపు బిగించుకుని కూర్చుంది. చివరికి ఇద్దరూ కాళ్లబేరానికొచ్చి చెరో పాట పాడి బయటపడ్డారు.

ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. వారానికొక అక్షరం కూడా పెట్టింది మహాతల్లి. జపాను వరుసలో అ, ఇ, ఉ అని మొదలై నడుస్తుంది. ఆ వారం ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పాటలే పాడాలి. కరువొస్తే కరువే. ఎందుకిలా అంటే గది గోడ మీద ఇత్తడి పలక ఒకటుంది, నేను కూడబలుక్కుని చదివాను: "అలవాటైన పాట ఊపిరిని దాస్తుంది." ఆ ముక్క రాసినాయన ఒక్క వారం వచ్చి కొమురేశ్‌కి పాట ఏరిపెడితే బాగుండు.

ఆ పాటలకు అర్థమేంటో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు, నాకైనా పేర్ల వరకే. నేను తెలుగక్షరాల్లో రాసిస్తాను, పంతులు మంత్రం చదివినట్టు వీళ్లు అప్పజెబుతారు. తెర మీద ఏ పాటకైనా ఎవరో ఒకామె గొడుగేసుకుని వానలో నడుస్తుంది. లేదంటే రైలు పోతుంది.

ఏ పాటా అడగని మనిషి ఒక్క ఓదెలు కాకే. మాలో పెద్దవాడు, మంచు కోతలో ఆయన్ని మించినవాడు లేడు. వేరే గనుల్లో కలుపుకుని చంద్రుడి మీద పదకొండేళ్లయింది. "నీ ఇష్టం బిడ్డా, ఏది వడ్డిస్తె అది తింట" అంటాడు. అందుకే ఆయనకి లైన్లు పొట్టిగా ఉన్న పాట చూసి ఇస్తాను. పెద్దాయన కదా.

చి వారం

మా దగ్గర తేదీలెవరూ వాడరు. చి వారం, త్సు వారం అంటేనే అర్థమవుతుంది.

పాటల రోజు అందరం గదిలోనే కూర్చుంటాం. చిరిగిన ఎర్ర సోఫా, మధ్యలో తొట్లో పెంచిన పాలకూర పకోడీలు. ఓదెలు కాక పాట రెండో లైనులో ఆగింది. మైకు కాస్త పక్కకి జరిపి గాలి పీల్చుకోబోయాడు. అంతే, ఆ లైను మిగతా సగం సుగుణ అందుకుంది. వెంటనే కొమురేశ్, తర్వాత నేను. షాహీన్ మేడం కూడా పకోడీ నములుతూనే అందుకుంది. ఎవరూ అనుకుని చేసింది కాదు.

మేమంతా బొగ్గుబాయిల ఊళ్ల మనుషులం. మా వైపు పాటంటే ఒక్కరు పాడేది కాదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవాలి. బతుకమ్మ చుట్టూ తిరిగినా, భజనలో కూర్చున్నా, నాట్లేసినా అదే పద్ధతి. ఎత్తుకున్న మనిషికి దమ్ము ఆగితే పక్కవాళ్లు అడక్కుండానే లైను మోస్తారు. పక్కవాడు ఆగిపోతే నోరు మూసుకుని చూడటం మాకు చేతకాదు.

పెట్టె పచ్చదీపం వెలిగించింది. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు బుద్ధిగా కూర్చుని చివర్లో చప్పట్లు కొడతారని కట్టినవాళ్లు అనుకుని ఉంటారు. మాలాంటి వాళ్లు వస్తారని వాళ్లకేం తెలుసు.

త్సు వారం

ఓదెలు కాక సూటు అతుక్కి వచ్చింది. చంద్రుడి దుమ్ము ఎంత దులిపినా పోదు, దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన వస్తుంది. దులిపి, మోకాలి దగ్గర అతుకేసి, హెల్మెట్ అద్దం తుడుద్దామని తీస్తే అద్దం లోపలివైపు చుక్కలున్నాయి. సన్నటి బూడిదరంగు చుక్కలు, మధ్యమధ్యలో ఎర్రవి. లోపలివైపు చుక్కలంటే దగ్గినప్పుడు పడ్డవి.

తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు.

సాయంత్రం కొమురేశ్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీలక్కా, కాకకేమో కూనిరాగాలు, మాకేమో కొండెక్కే పాటలా? నువ్వు పక్షపాతం చేస్తున్నవ్."

"నీకు గొంతుంది, ఎక్కు."

"గొంతుంటే? నాకు ప్రతిసారీ కింద మార్కులు తక్కువ చూపిస్తుంది ఆ పెట్టె. ఇజ్జత్ పోతుంది."

ఆ దిక్కుమాలిన పెట్టె ఊపిరి చూసి ఊరుకోదు, పాడినదానికి వందకిన్ని అని మార్కులు కూడా వేస్తుంది. వాటితో ఎవరికీ పని లేదు, కొమురేశ్‌కి తప్ప. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పాట బాగాలేదంటాడు. పో అన్నాను. పోయాడు.

చిరాకులో రాబోయే వారాల జాబితా తిరగేశాను. తె బాగానే ఉంది. తొ కూడా పర్వాలేదు. న, ని నిండుగా ఉన్నాయి. ను దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ను మీద రెండే రెండు పాటలు. మేమిక్కడికి వచ్చింది ను దాటాక, హ వారంలో, అంటే ను మాకింకా తగల్లేదు.

ఒకటి "నునొ నో ఫునె", గుడ్డతో చేసిన పడవ అని అర్థం. అది ఇద్దరు కలిసి పాడేది, ఒక్కరు పాడితే పెట్టె తీసుకోదు. రెండోది "నురుకు నత్త ఒచా", చల్లారిపోయిన టీ. అది ఒక్కరి పాట, ఆరు నిమిషాలు, రెండో చరణంలో ఊపిరి తీసుకునే సందే లేదు. పెట్టె మైకు పట్టి పాడనిచ్చేది వారానికి మనిషికి ఒక్కసారే. మేం ఐదుగురం. రెండు జంటలు పోగా ఒకళ్లు మిగులుతారు. ఆ ఒక్కరూ టీ పాట పాడాల్సిందే.

తె వారం

కొత్త పాటలు పంపమని కింద భూమ్మీద కంపెనీకి కబురు పెట్టించాను. షాహీన్ మేడం సంతకంతో వెళ్లింది. జవాబొచ్చింది: కొత్త పాటలు ఎక్కించాలంటే పెట్టె అనుమతి కావాలి, దయచేసి పెట్టెను సంప్రదించండి.

పెట్టెను సంప్రదించాను. ఏదైనా పాట ఎంచుకోండి అంది.

తొ వారం

మళ్లీ కాక ఆగాడు, మళ్లీ అందరం అందుకున్నాం. ఇప్పుడది అలవాటైపోయింది. కాక మైకు దించుతాడనగానే కొమురేశ్ సోఫా అంచుకి జరిగి కూర్చుంటున్నాడు. పక్షపాతమని నన్ను తిట్టినవాడే అందరికన్నా గట్టిగా అందుకుంటాడు. పచ్చదీపం.

నేనే ఉండబట్టలేక తొట్ల గదిలో కాకని నిలదీశాను. పాలకూర కోస్తున్నాడు, కత్తి ఆపలేదు.

"కాకా, అద్దం మీద చుక్కలు చూసిన."

"తుడిచినవా?"

"తుడిచిన."

"మంచిగైంది."

"ఏం మంచిగైంది? నెత్తురు కాకా అది! నువ్వు కిందికి పోవాలె. దవాఖాన్ల చూపించుకోవాలె."

కాక ఆకులు గిన్నెలో వేసి చేతులు తుడుచుకున్నాడు. "పదకొండేండ్లు, బిడ్డా. నా బొక్కలు, కీళ్లు ఇక్కడి తేలిక బరువుకు అలవాటైనయ్. కింద దిగితె నన్ను మంచం మోస్తది. ఇక్కడ నేను ఇంత ఇంత మంచుగడ్డలు మోస్తున్న. ఏది మంచిదంటవ్?"

"బతికి ఉండుడు మంచిది."

"మంచంల పడి ఉంటె బతికినట్టా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద, పెట్టె మీద, జపాను అక్షరాల మీద, ఒకటని కాదు. గిన్నె లాక్కుని వంటగదికి వచ్చేశాను. ఆ రోజు పప్పులో ఉప్పెక్కువైందని కొమురేశ్ అంటే వాడి మీద అరిచాను.

న వారం

పంపకం చేశాను. గుడ్డ పడవ పాట సుగుణ, షాహీన్ మేడం కలిసి పాడతారు. ఓదెలు కాకకి జోడీ నేను. ఆయనకి దమ్ము ఆగిన చోటల్లా నేనే మోస్తాను, పక్కనే ఉంటాను కాబట్టి పెట్టెకి తేడా తెలియదు. టీ పాట కొమురేశ్‌కి.

"నాకా?" అన్నాడు కొమురేశ్. "ఆరు నిమిషాలా?"

"మార్కులు బాగా పడతయ్."

దానికి పడిపోయాడు. వారమంతా పని చేస్తూ సూటు లోపల అదే పాడుతున్నాడు. రేడియోలో అందరికీ వినిపిస్తుంది. ఆ రెండో చరణం నాకు కంఠస్థం వచ్చేసింది, మిగతావాళ్లకి కూడా. సుగుణ అయితే ఇక చాలు తమ్మీ అని చేతులు జోడించింది. ఓదెలు కాక ఒక్కడే పని ఆపి మరీ విన్నాడు.

ని వారం

ఇష్టం లేకపోయినా ఇది రాయాలి. షాహీన్ మేడం రాయమంది.

పొద్దున పాటలయ్యాయి. కాక మొదటి లైను దాటగానే ఆగాడు, మిగతా పాటంతా ఇంచుమించు మేమే పాడాం. పచ్చదీపం వెలిగింది. కాక సూటేసుకుని బయటికెళ్లాడు.

మధ్యాహ్నం గుంట అంచున సుగుణ తాడు మీద కిందికి దిగింది. పైన తాడు పట్టింది కాక. పదకొండేళ్లుగా ఆయన పట్టిన తాడు ఒక్కసారీ జారలేదు, అందుకే మంచు కోసేవాళ్లందరూ ఆయన్నే అడుగుతారు. నేను లోపల తెర మీద చూస్తున్నాను. కాక ఉన్నట్టుండి మోకాళ్ల మీద కూలబడ్డాడు. తాడు చేతుల్లోంచి పోయింది.

ఇక్కడ పడటం కూడా నిదానంగానే ఉంటుంది. అదేం మంచిది కాదు, చూస్తూ ఉండాల్సి వస్తుంది. సుగుణ గోడకి తగిలి, పైకి లేచి, మళ్లీ తగిలి, మంచు అంచు మీద పడింది. మోకాలి దగ్గర సూటు చిరిగింది. రేడియోలో ఆమె అరుపు, వెనకాల గాలి పోతున్న చప్పుడు. కొమురేశ్ ఎలా దిగాడో తెలియదు, చిరుగు మీద అరచెయ్యి అదిమిపెట్టి ఆమెను భుజానేసుకుని పైకెక్కాడు. తలుపు మూసుకుని గాలి నిండగానే కట్టు సామాను తీసుకుని పరుగెత్తాను.

సుగుణ బతికింది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. "కాకను ఏమనకు అక్కా" అంది నాతో, కట్టు కడుతుంటే. "దమ్ము రాలే పాపం."

ఏమంటాను? చిరిగిన సూటు నా బల్ల మీద ఉంది. ఒకటే చిరుగు, జానెడు. సూదికి దారం ఎక్కించబోతే బెజ్జంలోకి పోవడం లేదు. పొద్దున ఆయన ఊపిరి పాడిన పాట కాదది. మా నలుగురి ఊపిరి పాడింది. పెట్టె మా ఊపిరి విని ఆయనకు తలుపు తీసింది. గోడ మీది పలక రాసినాయన్ని తిట్టాలన్నా ఇప్పుడు నోరు రావడం లేదు, అది ఇంకా చిరాగ్గా ఉంది.

ను వారం

వారం రోజులుగా కాక బయటికి పోలేదు. అన్నం తిన్నాడు, పాత్రలు కడిగాడు, ఎవరి మొహమూ చూడలేదు.

ఈ రోజు పాటలు. సోఫాలో అందరం కూర్చున్నాం, పకోడీలు ఎవరూ ముట్టలేదు. సుగుణ, షాహీన్ మేడం వాళ్ల పాట పాడేశారు. తర్వాత మా జోడీ. నేను మైకు తీసుకుని లేచాను. కాక లేవలేదు.

"నువ్వు కొమురేశ్‌తోని పాడు నీలా" అన్నాడు. "వానికి జోడీ నువ్వుండు. టీ పాట నాకు పెట్టు."

కొమురేశ్ నావైపు చూశాడు. నేను కాక వైపు చూశాను.

"పిచ్చి లేసిందా కాకా? ఆరు నిమిషాల పాట."

"ఎరుకే."

"రెండో చరణంల దమ్ము తీసుకునే జాగ లేదు. చిన్నోడే వారం రోజులు కుస్తీ పట్టిండు."

"విన్న గదా, రోజూ. గందుకే అడుగుతున్న."

షాహీన్ మేడం మధ్యలోకి వచ్చింది. "కాకా, అరె, నీలవేణితో కలిసి పాడేస్తే అయిపోతుంది కదా. నిన్ను నేను బయటికి పంపనులే. లోపలే ఉండు, వంట చూసుకో. ఎవరికి తెలుస్తుంది?"

"పెట్టె పచ్చదీపం పెట్టినాక నేను లోపల కూసుంటనా మేడం? నా సంగతి నాకెరుక లేదా?" అన్నాడు కాక. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మా తాత ముచ్చట చెప్త వినురి. బొగ్గుబాయిల పని. దుమ్ము పట్టింది. పరీక్షల డాక్టరు గొట్టం ఊదుమంటడు గదా, మా తాత పేరు పిలిస్తె ఆయన దోస్తు పోయి ఊదిండు. ఫస్టుగ పాసైండు మా తాత. ఆ రోజు ఇంట్ల కోడి కోసిన్రంట. ఏడాది తిరగకముందే పోయిండు." మళ్లీ ఆగాడు. "దోస్తు మంచోడే. మా నాయన బతికినన్ని దినాలు వాన్ని ఒక్క మాట అనలే. అన్నం కూడ పెట్టిండు. కని ఎందుకు ఊదినవ్ అని అడుగుడు మాత్రం మనసుల ఉండె."

"రేపు సుగుణ నా మంచం పక్కన కూసుని ఎందుకు అందుకున్ననా అనుకోవద్దు" అన్నాడు. "నా పాట నేనే పాడుకుంట. ఎవ్వరూ అందుకోవద్దు. ఒట్టేయురి."

ఒట్టేయించుకున్నాడు, చిన్నపిల్లల చేత వేయించినట్టు, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని. కొమురేశ్ చెయ్యి ఇవ్వనని వెనక్కి పెట్టుకున్నాడు. కాక దాన్ని లాక్కుని మరీ వేయించాడు.

నేను కొమురేశ్‌తో గుడ్డ పడవ పాడాను. ఏం పాడానో తెలియదు. రెండు పచ్చదీపాలు వెలిగాయి. తర్వాత నా చేత్తోనే టీ పాట పెట్టాను. ఇన్ని వారాలు ఆయనకి ఏరి ఏరి తేలికవి పెట్టిన చెయ్యే.

తెర మీద ఈసారి వాన లేదు, రైలు లేదు. ఒక ముసలామె బల్ల దగ్గర కూర్చుని ఉంది, ముందు రెండు టీ కప్పులు. ఎదుటి కుర్చీ ఖాళీ. ఆవిరి లేస్తూ ఉంటుంది, మెల్లగా తగ్గిపోతుంది. ఆరు నిమిషాలూ అంతే.

మొదటి చరణం కాక బాగా పాడాడు. నిజం చెప్పాలంటే నేను ఏనాడూ ఆయన్ని పూర్తిగా వినలేదు, ఎప్పుడూ మధ్యలో మేం దూరాం. లోతైన గొంతు. అడుగున గరగర ఉంది, దాన్ని తొక్కిపెట్టి పాడుతున్నాడు. రెండో చరణం ఎత్తుకున్నాడు. రెండు లైన్లు దాటాడు. మూడో దాని సగంలో దమ్ము తెగింది.

నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆ లైను నాలుక మీద సిద్ధంగా ఉంది, వారం రోజులు విని విని కంఠస్థం వచ్చిన లైను. పక్కన సుగుణ చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. కొమురేశ్ లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. షాహీన్ మేడం కళ్లు మూసుకుంది. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని నోరు మూసుకోవడం. నన్ను ఎరిగినవాళ్లు ఇది నమ్ముతారు.

కాక ప్రయత్నించాడు. ఒక మాట, ఊపిరి, ఇంకో మాట. తర్వాత మాటలు కూడా రాలేదు. మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాద్యం మాత్రం ఆగకుండా పోతూనే ఉంది. అలా ఉత్త వాద్యం పోతుంటే అందులో మా ఐదుగురిలో ఒక్క గొంతూ లేదు. అంత ఒంటరిగా ఒక పాట నేనెన్నడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, చప్పుడు చేయకుండా. చప్పుడు చేస్తే పెట్టె వింటుంది.

పాట అయిపోయింది. ఎర్రదీపం వెలిగింది. తర్వాత తెర మీద మార్కులొచ్చాయి, వందకి ముప్పై ఒకటి. ఆ వెంటనే పెట్టెలోంచి చప్పట్లు మోగాయి. ఎవరు పాడినా, ఎలా పాడినా అది చివర్లో చప్పట్లు వినిపిస్తుంది, మర్యాదకి.

"సూడు" అన్నాడు కాక, సోఫాలో కూలబడి, చెమట తుడుచుకుంటూ. "దానికన్న ఉన్నది సంస్కారం. మీరు కొట్టుతలేరు."

అప్పుడు కొట్టాం. కొమురేశ్ గోడవైపు తిరిగే కొట్టాడు.

నె వారం

నావ వచ్చి కాకని తీసుకుపోయింది. పోయేముందు తన సూటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అద్దం మంచిగ తుడిచిపెట్టు, వచ్చేటోనికి అక్కరకొస్తది." ఏడుపు ఆపుకోవడానికి నేను ఆయన్ని తిట్టాను, ఇన్నాళ్లు చెప్పకుండా దాచినందుకు, ఇప్పుడు పోతున్నందుకు. తిట్టినంతసేపూ తలూపుతూ విన్నాడు.

పాటలు ఏరుతూ అలవాటుగా ముందు పొట్టి లైన్లున్న పాట వెతికాను. దొరికింది కూడా. ఎవరికివ్వాలో తెలియక జాబితాలో వదిలేశాను.

పాడేటప్పుడు కొమురేశ్ ఒకచోట తడబడ్డాడు. ఎవరం అందుకోలేదు. వాడే ఊపిరి తీసుకుని పూర్తి చేశాడు. ఈ గదిలో ఇక ఇంతే అని షాహీన్ మేడం అంది.

నొ వారం

కింద దవాఖానా నుంచి కాక మాట్లాడాడు. తెర పెట్టమంటే వద్దన్నాడు, ముక్కులో గొట్టం ఉందట, బాగుండదట. మంచంలోంచి లేస్తే గుండె దడ, కూర్చుంటే నడుం నొప్పి. డాక్టరమ్మ రోజుకి నాలుగడుగులు నడిపిస్తోంది. "నేను చెప్పలే, మంచం మోస్తదని" అన్నాడు. తర్వాత, "మోస్తె మోసెగని, దుమ్మయితె ఆగిందంట. ఇంకిన్ని రోజులు బతుకుతనంట." చెప్పీ చెప్పనట్టు చెప్పాడు.

చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. "బిడ్డా, ఆ పాట నడిమిట్ల ఆగిపాయె. నిద్రల గుడ తిరుగుతుంది. రెండో చరణం ఎత్తుకుంట. జర అందుకోరి."

పాటల గది తలుపు మూసి ఉందో లేదో కొమురేశ్ రెండుసార్లు చూసొచ్చాడు. వంటగదిలో రేడియో చుట్టూ చేరాం.

కాక ఎత్తుకున్నాడు. మూడో లైను సగంలో ఆగాడు. మేం నలుగురం అందుకున్నాం, ఇన్ని రోజులు నొక్కిపెట్టినదంతా కలిపి. కానీ ఇక్కడి మాట అక్కడికి చేరి తిరిగి రావడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. మేం అందుకున్నది ఆయనకి చేరేసరికి ఆయన ఎదురుచూసి, విసుగొచ్చి, తర్వాతి లైను మొదలెట్టేశాడు. రెండూ గుద్దుకున్నాయి.

"ఏందే, గింత లేటా?" అన్నాడు.

"మేం టైముకే అందుకున్నం కాకా. నీకే లేటుగ చేరుతుంది."

"నాకు సాకులు చెప్పకురి. మళ్ల ఎత్తుకుంటున్న."

మళ్లీ అంతే. మూడోసారీ అంతే. చంద్రుడికీ భూమికీ మధ్య దూరాన్ని కొమురేశ్ పచ్చిబూతు తిట్టాడు, షాహీన్ మేడం ఈసారి వారించలేదు. నేను బల్ల మీద ఒక్క దెబ్బ వేశాను. అప్పుడు తట్టింది. ఆయన ఆగింది విన్నాక అందుకుంటే లాభం లేదు. ఆగకముందే అందుకోవాలి. ఓదెలు కాక ఊపిరి ఎక్కడ తెగుతుందో నాకంటే తెలిసినవాళ్లు ఈ లోకంలో ఎవరున్నారు? ఇన్ని వారాలు ఆయనకి లైన్లు కొలిచి కొలిచి పాటలిచ్చింది నేనే.

"నా చెయ్యి చూడురి" అన్నాను. "నేను ఎత్తంగనే అందుకోరి. కాక పాడుతున్నా సరే."

కాక నాలుగోసారి ఎత్తుకున్నాడు. మొదటి లైను. రెండోది. మూడోది ఆయన నోట్లో ఇంకా నడుస్తుండగానే చెయ్యెత్తాను. నలుగురం ఆయన గొంతు మీదుగానే ఆ మిగిలిన సగం ఎత్తుకున్నాం. మా వంటగదిలో వినడానికి అది ఉత్త గోల. ఆయన ఒకచోట, మేమింకోచోట. అయినా ఆపలేదు. చరణం చివరిదాకా అలాగే గోలగా పాడి ఆగిపోయాం.

రేడియోలో చప్పుడు లేదు. సుగుణ నా చెయ్యి పట్టుకుంది. మూడు సెకన్లు ఇంత పొడుగుంటాయని నాకు తెలియదు.

"ఇగో" అన్నాడు ఓదెలు కాక. "గిప్పుడు సరిగ్గ అందుకున్నరు."